సర్దారుగారి భోజనం

కప్పను గురించి వ్యాసమేమిటని ఈ సంచికను తెరచిన విద్యార్థులు నవ్వుకొనవచ్చును. క్రితంసారి ఇదే పత్రికలో నేను ప్రబంధకవుల ఋతువర్ణనలను గురించి వ్రాసినప్పుడు ఎవరూ నవ్వలేదు. చదివినవారు కూడా అట్టే లేరని తరువాత తెలిసినది. కనుక ఈసారి మా ఇంట్లో ఏడాదిన్నరగా కూర్చున్న చోటనే కూర్చుండి, వారానికొక పూట భోంచేసి, ఇంటిల్లిపాదిచేత సేవలు చేయించుకొంటున్న ఒక అతిథిని గురించి వ్రాయదలచాను.

నా తమ్ముడు హైదరాబాదులో ఒక కంపెనీలో ఉద్యోగి. 2023 నవంబరులో ఏడాదిపాటు విదేశానికి వెళ్ళవలసి రాగా, తన గది ఖాళీచేసి సామానంతా గోదావరిఖనికి తెచ్చి మా ఇంట్లో దించాడు. ఆ సామానులో ఒక గాజుపెట్టె ఉన్నది. పెట్టెలో కొబ్బరిపీచు పొడి, ఆ పొడిలో సగం కూరుకొనిపోయి మా అమ్మాయి అరచేయంత పచ్చని ముద్ద ఒకటి. ముద్దకు రెండు కళ్ళు, కళ్ళపైన రెండు మొనలు, మిగిలినదంతా నోరే. “భాయ్, ఇది ప్యాక్‌మ్యాన్ కప్ప. వారానికొకసారి తిండి పెడితే చాలు, దానికేమీ అక్కరలేదు” అన్నాడు. ఏమీ అక్కరలేని ప్రాణిని అల్లా ఇంతవరకు సృష్టించలేదని అప్పుడే అనవలసినది, అనలేదు.

1980లో వచ్చిన ఒక వీడియో ఆటలో నోరు తెరచి అన్నిటినీ మింగుతూ పోయే బొమ్మ పేరు దీనికి పెట్టారట. శాస్త్రజ్ఞుల భాషలో సెరటోఫ్రిస్, అనగా కొమ్ముకప్ప. అవి నిజమైన కొమ్ములు కావు. కనురెప్పలమీది చర్మమే మొనదేరి నిలిచి, రాలిన ఆకుల మధ్య కప్ప ఆకారం పోల్చుకొనరాకుండా చేస్తుంది. జన్మస్థానం దక్షిణ అమెరికా. అర్జెంటీనా, పరాగ్వే, బొలీవియా దేశాలలో ఏడాదిలో కొన్ని మాసాలు వానలు, తక్కిన మాసాలు ఎండలు ఉండే మైదానాలు దీని స్వస్థలం. అక్కడినుంచి తీసిన కప్పల సంతతిని తొట్లలో పెంచి పెంచి, దేశదేశాల దుకాణాలలో అమ్ముతున్నారు. మన పక్కన ఉన్న గోదురుకప్పనైతే ఇట్లు పట్టి పెట్టెలో పెట్టుకొనరాదు; 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించినది. ఒకప్పుడు దాని కాళ్ళను టన్నులకొద్దీ విదేశాలకు ఎగుమతి చేసేవారు. 1987లో ఆ వ్యాపారాన్ని మన ప్రభుత్వం నిషేధించినది.

తమ్ముడు వెళ్ళిన మరునాడే ఇంట్లో వివాదం మొదలైనది. “నమాజు చేసే ఇంట్లో కప్పేమిటి, దీన్ని తీసుకొనిపోయి గోదావరిలో వదిలిరా” అని అమ్మీ పట్టుబట్టినది. నాకు కూడా అదే సుఖమనిపించినది. అబ్బా ఒప్పుకోలేదు. మందులో కప్పను వాడవచ్చునా అని ఒక వైద్యుడు అడిగినప్పుడు ప్రవక్తగారు కప్పను చంపవద్దని వారించిన సంగతి, పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక, నేలమీది పురుగుపుట్రనైనా తిననీయక చంపిన స్త్రీకి పట్టిన గతి, రెండూ ఆయనకు మసీదులో విన్నవి. “కట్టివేసినోనికే తిండిపెట్టే పూచీ. ఇడిచిపెడితే బతుకుతదా? బతికితే మనూరి కప్పల గతి ఏంది?” అన్నారు.

ఆ రెండవ ప్రశ్న జీవశాస్త్రం చదివినవారు అడగవలసిన ప్రశ్న. ఇంత నోరున్న పరదేశపు కప్పను మన చెరువులో వదిలితే అది మన కప్పలను మింగవచ్చును. లేదా మన కప్పలెరుగని రోగాన్ని అంటించవచ్చును. మన గోదురుకప్పే అండమాను దీవులకు చేరి, అక్కడి చిన్న కప్పల పాలిట శత్రువైనది. దాని తోకపిల్లలు అక్కడి తోకపిల్లలను తినివేస్తున్నవి. అందుచేత, తొందరపడి కొన్నవారు తొందరపడి వదలరాదు. అసలు కొనకుండుటే మేలని నా అభిప్రాయం. కాని మా ఇంటికి అది వచ్చేసినది.

మా అబ్బాను గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయన 1981లో బదిలీ ఫిల్లరుగా చేరి, తట్టతో బొగ్గెత్తి, తరువాత టింబర్‌మన్ అయి, పైకప్పుకు దుంగలు నిలుపుతూ ముప్పయ్యేడు సంవత్సరాలు భూగర్భంలో పనిచేసి 2018లో రిటైరైనారు. రిటైరైన తరువాత ఆయనకు పగలు ఏమి చేయాలో తోచలేదు, రాత్రి నిద్ర పట్టలేదు. దగ్గు ఒకటి తోడైనది. మాట్లాడడం తక్కువ. నేను కాలేజీనుంచి వచ్చేసరికి గోడకు చేరబడి కూర్చొని ఉండేవారు. “ఖానా తిన్నారా” అంటే “ఆఁ” అనేవారు. మా సంభాషణ అంతవరకే సాగేది. అందుకు కారణం ఆయన దగ్గు కాదు. అది తరువాత చెబుతాను.

కప్పకు “సర్దార్” అని పేరు పెట్టినది ఆయనే. గనిలో మైనింగ్ సర్దారు కూలీలతో పాటు తట్ట మోయడు. ఒకచోట నిలబడి కప్పునూ గాలినీ గమనిస్తూ ఉంటాడు. “ఇది గూడ గట్లనే కూసుంటది, అన్నీ చూస్తది” అన్నారు. ఇంకొక పోలిక కూడా చెప్పారు: ఇది రాత్రి షిఫ్టు జీవి. నిజమే, పగలంతా ముద్దవలె పడియుండి, రాత్రి పది దాటిన తరువాతనే కనులు పెద్దవి చేస్తుంది. నిద్రపట్టని అబ్బాకూ, నిద్రపోని సర్దారుకూ జత కుదిరినది.

తిండి పెట్టడం మొదట మాకెవరికీ తెలియలేదు. అమ్మీ కోపం తగ్గి, జాలిపడి రొట్టెముక్క వేసినది. సర్దారు దానివంక చూడనైనా లేదు. కప్ప కంటికి కదలనిది ఆహారంగా తోచదు. 1959లో అమెరికాలోని ఎం.ఐ.టి. శాస్త్రజ్ఞులు కప్ప కన్ను మెదడుకు ఏమి తెలుపుతుందన్న విషయంపై ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రకటించారు. చిన్నదై, కదిలే వస్తువును పసిగట్టే ఏర్పాటు దాని కంటిలోనే ఉన్నదని అందులో తేలినది. చుట్టూ చచ్చిన ఈగలు కుప్పగా పోసినా కప్ప ఆకలితో మాడిపోవచ్చునన్నమాట. ఈ సంగతి చదివి చెప్పగానే అబ్బా రొట్టెముక్కను పుల్లకు గుచ్చి ఆడించారు. సర్దారు టప్పున పట్టి, రుచి చూసి, రెండు చేతులతో మూతి తుడుచుకొని బయటికి నెట్టివేసినది. అమ్మీ చేసిన రొట్టెను కాదన్నవాడు మా ఇంట్లో అదొక్కటే.

తరువాత ఎర్రలు తెచ్చాము. గాలం వేసేవారు గోదావరి ఒడ్డున తడిమట్టిలో తవ్వితీసే వానపాములనే మేము ఎర్రలంటాము. వెదురుబద్ద చీల్చి అబ్బా ఒక పట్టుకారు చేశారు. దానితో ఎర్రను పట్టి సర్దారు ముందు మెల్లగా ఆడిస్తే, రెప్పపాటులో నాలుక బయటికి వచ్చి, ఎర్రతో సహా లోపలికి పోతుంది. మన నాలుక వెనుక భాగాన అతుక్కొని ఉంటే కప్ప నాలుక ముందు భాగాన అతికియుండి, వెనుకనుంచి మడతవిప్పుకొని విసరుకొంటుంది. 2014లో జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయంవారు ఈ జాతి కప్పల నాలుకనే కొలిచి, తన శరీరపు బరువుకు మించినదానిని సైతం లాగగల పట్టు దానికున్నదని కనుగొన్నారు. ఇక మింగేటప్పుడు రెండు కళ్ళూ గట్టిగా మూసుకొని లోపలికి దిగబడతాయి. కనుగుడ్లు అంగుటిలోకి జారి ముద్దను గొంతులోకి త్రోస్తాయి. ఇష్టమైన పదార్థాన్ని కళ్ళు మూసుకొని ఆస్వాదిస్తున్నదని మా అమ్మాయి అభిప్రాయం. నేను ఖండించలేదు.

పట్టుకారు ఎందుకంటే, కొమ్ముకప్పకు పళ్ళున్నవి, పట్టు విడవదు. పాఠాలు చెప్పేవాడికి తొందరపాటెక్కువ గనుక నేనొకనాడు వేళ్ళతోనే మిడతను అందించబోయాను. మిడత ఎగిరిపోయినది, చూపుడువేలు సర్దారు నోట చిక్కినది. అబ్బా నవ్వినారు. రిటైరైన తరువాత ఆయన అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. నవ్వు దగ్గుగా మారి, మంచినీళ్ళు త్రాగి, మళ్ళీ నవ్వినారు. రక్తం వస్తున్నా నాకు కోపం రాలేదు.

పద్ధతులు ఒక్కొక్కటే నేర్చుకొన్నాము. కుళాయినీటిలో కలిపే క్లోరిన్ కప్ప చర్మానికి చేటు. చర్మంద్వారానే అది నీరు త్రాగుతుంది గనుక, మనకు సరిపడినది దానికి సరిపడదు. బిందెలో పట్టి ఒక రోజంతా మూతపెట్టక ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. అయితే కొన్నిచోట్ల కలిపే క్లోరమిన్ అట్లు పోదు, దానికి మందు వేయాలి. నీటి పళ్ళెం లోతు కప్ప నడుము దాటరాదు. ఇంత పెద్ద కప్పకు ఈత రాదంటే మొదట నేనే నమ్మలేదు. ఇంట్లో పట్టిన బొద్దింకలను వేయరాదు. వాటి కడుపులో మనం చల్లిన విషమే ఉండవచ్చు. మిడతలకు, ఇలకోళ్ళకు సున్నపుశక్తి తక్కువ; వాటిపై కాల్షియం పొడి అద్దకపోతే ఎముకలు మెత్తబడి దవడ వంగిపోతుంది. పెట్టెలో గులకరాళ్ళుంటే తిండితో పాటు వాటినీ మింగుతుంది. ముఖ్యమైనది, ఎదిగిన కప్పకు వారం పదిరోజులకొకసారి కంటే ఎక్కువ పెట్టరాదు. అబ్బా ఈ నియమాన్ని చాలాకాలం పాటించలేదు. “షిఫ్టు చేసినోనికి సద్ది లేకుంటె ఎట్ల” అనేవారు. సర్దారు లావెక్కి, కొమ్ములు బుగ్గలలో మునిగిపోయే స్థితి వచ్చాక పశువుల డాక్టరుగారి దగ్గరికి పోయాను. ఆయన మంచివాడు, బఱ్ఱెల మధ్య నన్ను నిలబెట్టి, “కప్పను ఇంతవరకు ఎవరూ తేలేదు సార్” అంటూనే పుస్తకం తిరగవేసి, ఉపవాసమే మందన్నాడు. అది రంజాను మాసం. ఇంట్లో అందరితోబాటు సర్దారుకూ రోజాలు పడ్డాయి.

ఇంతవరకు వేడుక. ఏప్రిల్ చివర ఎండలు ముదిరినవి. మా రామగుండం ప్రాంతపు ఎండను గురించి ఈ కాలేజీ విద్యార్థులకు నేను చెప్పనక్కరలేదు. నేల నల్లన, గాలి నల్లన, 45 డిగ్రీలు దాటినా మాకు వార్త కాదు. కొమ్ముకప్పకు 25 నుంచి 28 వరకు హాయి. ముప్పై దాటి కొంతకాలం నిలిస్తే ప్రమాదం. కూలరు పెట్టాము, కరెంటు పోయినప్పుడల్లా గాజుపెట్టె పొయ్యిమీది గిన్నె అయ్యేది. మూడవ రోజున సర్దారు మిడతను ముట్టలేదు. నాలుగవ రోజున పొడిలోనికి పూర్తిగా దిగిపోయినది.

అబ్బా గాజుపెట్టెను పక్కకు నెట్టి, పెరట్లో వేపచెట్టు నీడన నడుములోతు గొయ్యి తీయించి, అందులో పెద్ద మట్టిగోలెం దింపించారు. గోలెం చుట్టూ ఇసుక, ఇసుకకు పూటపూటకూ నీళ్ళు, పైన తడిపిన గోనెపట్టా, గాలికి సందు. “ఎండకాలం బాయిల దిగుతుంటె మొదటి మలుపు కాడనే సల్లగ తగులుతది” అన్నారు. సర్దారును మట్టితో సహా ఎత్తి అందులో ఉంచాము. థర్మామీటరు దింపి చూస్తే బయట 44, లోపల 28. నేను ఆశ్చర్యపోయాను. ఆయన పోలేదు.

మే గడిచినది. సర్దారు పైకి రాలేదు. ఐదు వారాలు తిండి లేదు, కదలిక లేదు. నేనొకనాడు మట్టి తొలగించి చూశాను: ఎండిపోయిన కాగితంవంటి పొర చుట్టుకొని, కళ్ళు మూసుకొని, ముట్టితే స్పర్శ లేదు. చచ్చినదనుకొన్నాను. తమ్ముడికి ఫోను చేస్తే, “పోతే పోయింది భాయ్, పారేయండి, వచ్చాక ఇంకోటి కొంటాను” అన్నాడు. ఫోను స్పీకరులో ఉన్నది. అబ్బా విన్నారు.

“చచ్చినదానికి నీళ్ళు పోయడమెందుకు, అబ్బా” అన్నాను నేను కూడా.

ఆయన బిందె దించలేదు. “షిఫ్టు దిగినంక ల్యాంపురూముల దీపాలు లెక్కబెడ్తరు. ఒక్క దీపం తక్కువొస్తే, మనిషి లోపటున్నడని లెక్క. లెక్క రానిది ఎవడూ ఇంటికి పోడు బేటా” అన్నారు. గోనెపట్టా తడిపి, దగ్గుతూ లోపలికి వెళ్ళారు.

ఇప్పుడు ఆ పాత సంగతి చెప్పాలి. మా ప్రాంతంలో గనిని ఎవరూ గని అనరు, బాయి అంటారు. బాయి పని, బాయి దొర, బాయి మీదికి పోవడం. 2010లో నేను డిగ్రీ ముగించి, వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు చదువుతానన్నాను. సాయిబుల పిల్లవాడికి తెలుగు ఎం.ఏ. ఎందుకని బంధువులన్నారు, అబ్బా అది అనలేదు. ఐ.టి.ఐ.లో ఫిట్టరు నేర్చుకొంటే ఇక్కడనే కంటిముందు ఉంటావు గదా అని మాత్రం అన్నారు. మా ఇంట్లో మాటలు ఉర్దూలోనే. కాని నేనా రోజున తెలుగులో, ఉపన్యాసం ఇస్తున్నట్లుగా, “నువ్వు బావిలో కప్పవు అబ్బా, నీకు పైనున్న లోకం తెలియదు” అన్నాను. ఉర్దూలోనూ అదే సామెత ఉన్నది, కువేఁ కా మేండక్ అని. దానిని ఏ భాషలోనూ తండ్రితో అనరాదు. రోజూ బాయిలో దిగే మనిషితో అసలే అనరాదు. ఆయన కాసేపూరుకొని, తెలుగులోనే, “బాయిల కప్పున్నదంటె నీళ్ళున్నయన్నట్టు” అన్నారు. మరుసటి నెల నా ఫీజు కట్టినారు. ఆ తరువాత పదమూడు పద్నాలుగేళ్ళు ఆ ఊసు ఇద్దరమూ ఎత్తలేదు. మాటలు తగ్గినది అప్పటినుంచే.

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ణి. ఋగ్వేదం ఏడవ మండలంలో కప్పలపై ఒక సూక్తమున్నదనీ, ఏడాదంతా నోరు మెదపక పడియున్న కప్పలు తొలివానకు గొంతెత్తడాన్ని ఋషి వర్ణించాడనీ తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. వానలు రాకపోతే మన పల్లెలలో పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపాకులు చుట్టి, కప్పతల్లి అని ఇంటింటికీ త్రిప్పి నీళ్ళు పోయించే ఆటను గురించీ చెప్పాను. ఇన్ని తెలిసినవాడిని పొర చుట్టుకొన్న కప్పను చూసి చచ్చినదన్నాను.

జూన్‌లో, వాన పట్టిన ఒక రాత్రి రెండు గంటలవేళ, అబ్బా నా గది తలుపు తట్టినారు. చేతిలో టార్చి. నేను గొడుగు తెచ్చేలోగానే ఆయన గోలెం దగ్గర గొంతుక్కూర్చున్నారు. గోనెపట్టా తీసి ఉన్నది. మట్టి పగిలినది. సర్దారు పైకి వచ్చి, ఒళ్ళు విరుచుకొంటూ, ఆవులిస్తూ, వీపుమీది పొరను ముందుకాళ్ళతో లాగి లాగి నోట్లోకి త్రోసుకొంటున్నది. వీటి స్వస్థలంలోనూ ఇంతే. వానలు వెళ్ళగానే నేలలో దిగి, తన చర్మపు పొరలనే గూడుగా చుట్టుకొని, తేమ పోనీయక నెలల తరబడి పడియుంటుంది. వాన తడి సోకగానే ఆ గూటిని విప్పి దానినే మొదటి భోజనం చేస్తుంది. పాతచర్మం క్రింది కొత్తచర్మం టార్చి వెలుగులో లేత తమలపాకువలె ఉన్నది.

చాలాసేపు చూశాము. వానలో తడుస్తూ, “అబ్బా, ఆ రోజు నేనొక మాటన్నాను” అన్నాను.

“ఏ మాట?”

“బావిలో కప్ప అని.”

“యాదికి లేదు” అన్నారు. కొంచెమాగి, “శుక్రవారం. నువ్వు నీలం చొక్కా ఏసుకున్నవ్. అమ్మీ పప్పు వండింది” అన్నారు. తరువాత, “నీళ్ళెక్కువ పడుతున్నయ్, పట్టా కప్పు” అన్నారు.

తమ్ముడు 2025 జనవరిలో తిరిగివచ్చాడు. సర్దారును తీసుకొనిపోతానన్నాడు. అబ్బా కాదనలేదు, గదిలో పగలెవరుంటారు, కరెంటు పోతే ఎవరు చూస్తారు, ఊరికి పోతే ఎర్రలెవరు తెస్తారు అని మూడు ప్రశ్నలడిగారు. వాడు గోలెంవంక, వెదురు పట్టుకారువంక, గోడమీద అబ్బా బొగ్గుతో గీసిన తేదీల గీతలవంక చూసి, గాజుపెట్టె ఒక్కటి తీసుకొనిపోయాడు. అందులో మొక్కలు పెట్టుకొంటాడట.

ఈ జాతి కప్పలు పదేళ్ళవరకూ, బాగా చూసుకొంటే అంతకు మించి బ్రతుకుతాయి. అబ్బాకు అరవై ఏడు నడుస్తున్నది. చలికాలంలో దగ్గు ఎక్కువైతే రాత్రి తిండి నేనే పెట్టాను. పక్కనుండి పట్టుకారు పట్టే పద్ధతి చెప్పినారు, ఆడించడం నాకింకా సరిగా రాదట. రేపు గురువారం, సర్దారుకు మస్టరు పడే రోజు. డబ్బాలో ఎర్రలు అయిపోయినవని ఉదయం కాలేజీకి బయలుదేరుతుంటే గుర్తుచేశారు. సాయంకాలం గోదావరి వంతెన దగ్గర ఆగి, పొద్దుగూకకముందే తవ్వి తేవాలి.